మన ఆఫీసులకు ప్రోలాగే సరి

ప్రోలాగ్ అనే కంప్యూటర్ భాష పాతబడిందనీ, వివరాలూ నియమాలూ రాసిస్తే జవాబును కంప్యూటరే తేల్చుకునే లాజిక్ ప్రోగ్రామింగ్‌కి ఇప్పుడు అంతకన్నా మంచి భాషలున్నాయనీ కుర్ర ఇంజనీర్లు అంటున్నారు. ప్రజాక్షేమం దృష్ట్యా ఈ వాదాన్ని ఖండించక తప్పడం లేదు.

1972లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో ఆలన్ కోల్మెరావర్ బృందం తయారుచేసిన ఈ భాషకు ఒక నియమం ఉంది. రుజువు దొరకనిదంతా అబద్ధమే. అడిగిన సంగతి తన దగ్గరున్న వివరాలతో తేలకపోతే 'కాదు' అనేస్తుంది. 'తెలియదు' అనడం దానికి చేతకాదు. దీన్ని లోపమని ఎందుకంటారో! ఏటా బతికున్నట్టు పత్రం ఇవ్వాల్సిన పింఛనుదారు విషయంలో మనం పాటించేదీ ఇదే కదా. పెద్దాయన కౌంటర్ ముందు నిలబడి దగ్గుతున్నా సరే, పత్రం కంప్యూటర్‌లోకి ఎక్కలేదంటే ఆయన లేనట్టే. దగ్గును రుజువుగా తీసుకునే కాలమ్ ఫారంలో లేదు.

నియమాల వరుస కాస్త తేడా వస్తే ప్రోలాగ్ అక్కడక్కడే తిరుగుతుందని ఇంకో ఫిర్యాదు. ఈ కాగితానికి ఆ కాగితం, ఆ కాగితానికి ఈ కాగితం తెమ్మనే సెక్షన్లలో దాన్ని లోపం అనరు, ప్రొసీజర్ అంటారు. దీనికి బదులు దీని చుట్టమైన డేటాలాగ్ అనే భాష వాడమంటున్నారు. అసలు సిసలు డేటాలాగ్‌లో ఏ ప్రశ్న వేసినా లెక్క ఎప్పటికో ఒకప్పటికి ముగిసి తీరుతుందట. ఫైళ్లన్నీ ముగిసిపోతే సిబ్బంది గతేం కాను?

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మెర్క్యురీ భాష మరీ ప్రమాదకరం. అందులో నలుగురూ వాడుకునే ప్రతి ప్రెడికేట్ (అంటే అడిగితే జవాబు తేల్చే నియమాల కట్ట) గురించి ముందే రాసివ్వాలి: కచ్చితంగా ఒకే జవాబు చెబుతుందా, చెప్పకపోయే అవకాశం ఉందా, చాలా చెబుతుందా అని. రాసిచ్చిన మాటకూ లోపలి సరుకుకూ పొంతన లేకపోతే, ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. ఇలాంటిది ఎన్నికల మేనిఫెస్టోల మీద పెడితే ప్రెస్సుల వాళ్లు రోడ్డున పడరా?

మినీకాన్రెన్ అనే భాషని మాత్రం కాదనలేకపోతున్నాను. జవాబు ఇస్తే వెనక్కి నడిచి, దానికి తగ్గ ప్రశ్నలు పట్టుకొస్తుంది. విచారణ కమిషన్లకు వెంటనే మంజూరు చేయాలి.

ఇక జర్మనీలోని పోట్స్‌డామ్ వాళ్ల క్లింగో అనే సాధనం. ఒకే సమస్యకు ఇది చాలా జవాబులిస్తుంది. ఏ జవాబుకా జవాబు నియమాలన్నిటికీ లోబడే ఉంటుంది, కానీ ఒకదానిలో నిజమైనది ఇంకోదానిలో కాకపోవచ్చు. దీనికి టెండర్ పిలవడం దండగ. రాత్రి తొమ్మిదింటికి ఏ న్యూస్ ఛానల్ పెట్టినా ఉచితంగా వస్తోంది.