పిల్లి పియానోకి తీన్మార్ బీటా? దండం బావా!

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మా బావ ఒక వీడియో పడేశాడు. టామ్ అండ్ జెర్రీలో టామ్ నల్లకోటు వేసుకుని పియానో వాయిస్తాడే, ఆ బిట్టు. అసలు సంగీతం పీకేసి తీన్మార్ బీటు అతికించారు. పైన ఎర్ర అక్షరాలతో "నవ్వకుండా ఉండగలరా?" అని సవాలు. ఉండగలను నాయనా, హాయిగా ఉండగలను.

"బావా, అందులో ప్రాణమంతా ఆ సంగీతమే, దాన్నే తీసేశారు" అని పెట్టాను. "ఏంటి బామ్మర్దీ, పిల్లి బొమ్మకి కూడా టెన్షనేనా" అని జవాబు. దానికి మా అక్క నవ్వు ఇమోజీ. సొంత అక్క!

గ్రూపులో చెబితే ఎవడూ వినడు కాబట్టి ఇక్కడ కక్కుతున్నా. దాని పేరు 'ది క్యాట్ కన్సర్టో'. 1947లో వచ్చింది. ఏడున్నర నిమిషాల్లో ఒక్క మాట ఉండదు. ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడు పియానోకి రాసిన రెండో హంగేరియన్ రాప్సొడీయే దానికి కథ, డైలాగు, అన్నీ. జెర్రీ పియానో మెట్ల మధ్య ఎలుకబోను పెడతాడు చూడండి. టామ్ వేళ్లు దాని పక్క మెట్లమీదే ఆడుతుంటాయి. పాట ఎప్పుడు అటు తిరుగుతుందా, వేలు ఎప్పుడు ఇరుక్కుంటుందా అని మనం ఊపిరి బిగబట్టి చూడాలి. జోకంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. తీన్మార్‌లో ఏం ఎదురుచూస్తారు, బరాత్ ఎప్పుడు కదులుతుందా అనా?

సెకనుకు 24 ఫ్రేములు. ఏడు నిమిషాలంటే 10 వేల పైమాటే. అదంతా చేత్తో గీసిన బొమ్మల మీద నడిచింది. మావాడు ఒక్క వేలితో ఫార్వర్డ్ కొట్టాడు.

ఇంకోటి తెలుసా? దానికి కొద్ది నెలల ముందే వార్నర్ బ్రదర్స్ వాళ్లు తమ కార్టూన్ కుందేలు బగ్స్ బనీని పియానో ముందు కూర్చోబెట్టారు. అదే లిస్ట్, అదే పియానో, అందులోనూ ఓ ఎలుక. మాది కొట్టేశారంటే మాది కొట్టేశారని వార్నర్, టామ్ అండ్ జెర్రీ తీసిన ఎంజీఎం, రెండు స్టూడియోలూ తిట్టుకున్నాయి. ఆ సంగీతం కోసం వాళ్లు అలా కొట్టుకు చస్తే, మా బావ దాన్ని మ్యూట్‌లో పెట్టాడు.

దీనికి ఆస్కార్ కూడా వచ్చింది. తీసుకున్నదెవరు? ప్రాణం పెట్టి తీసిన దర్శకులు హన్నా, బార్బెరా అనుకుంటున్నారా? వేదిక ఎక్కింది నిర్మాత ఫ్రెడ్ క్వింబీ. టామ్ అండ్ జెర్రీకి మొత్తం ఏడు ఆస్కార్లు వచ్చాయి, ఏడూ ఆయన ఖాతాలోనే. టామ్ వేసే ఆ వెర్రికేక ఉంది చూశారా, అది కూడా హన్నా గొంతే. అరిచేదొకరు, అందుకునేదొకరు.

ఇది నాకు కొత్తేం కాదు. మూడేళ్ల కిందట రెండు వారాలు రాత్రిళ్లు మేలుకుని ఒక రిపోర్టు చేశాను. మా మేనేజరు పైవాళ్ల ముందు నిలబడి "నేనూ మా టీమూ" అన్నాడు. టీమంటే నేనొక్కణ్ణే! నా పేరున్న స్లైడు ఆఖర్న ఉంటే, టైమ్ లేదని మూసేశాడు. ఆ తర్వాత బిర్యానీతో పార్టీ. ఆ బిర్యానీ డబ్బులు కూడా తలా ఇంత వేసుకున్నాం.

ఆ కార్టూన్ చివర టామ్ ఒళ్లు హూనమై కూలబడతాడు. లైటు వెళ్లి జెర్రీ మీద పడుతుంది, చప్పట్లూ వాడికే. చిన్నప్పుడు అక్కడ పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. మూడేళ్లుగా ఆ చోటొస్తే ఆపేస్తున్నా.

ఇది రాస్తుండగానే బావ ఇంకో వీడియో పంపాడు. అదే పిల్లి, ఈసారి బ్యాండు మేళం. నన్ను ట్యాగ్ చేసి మరీ అడిగాడు: "బామ్మర్దీ, ఇప్పుడు సంగీతం ఓకేనా?"