చంటిబిడ్డ చర్మాన్ని వదిలేసి తిండి మాన్పిస్తున్నాం

మూడు నాలుగు నెలల బిడ్డ బుగ్గలు ఎర్రగా కంది, మోచేతుల మడతల్లో చర్మం గరుకుబారి, రాత్రంతా గోక్కుంటూ ఏడుస్తుంటే మన ఇళ్లలో బాలింతకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏం తిన్నావు?" అన్నదే. ఆ ప్రశ్నతో పథ్యం మొదలవుతుంది. ముందు వంకాయ, గోంగూర మానేస్తారు, తర్వాత గుడ్డు, చేప, పల్లీలు పోతాయి, చివరికి పప్పు, పెరుగు కూడా పళ్లెంలోంచి మాయమవుతాయి. నెల తిరిగేసరికి తల్లి చారన్నానికి దిగుతుంది, బిడ్డ చర్మం మాత్రం అలాగే రసి కారుతూ ఉంటుంది. ఈ పథ్యం వెనకున్న ప్రేమను నేను శంకించడం లేదు. కానీ తిండి వల్ల చర్మం పాడవుతుందన్న మన నమ్మకానికి, గత ఇరవై ఏళ్లలో అలర్జీ పరిశోధన తేల్చిన విషయానికి మధ్య పెద్ద ఎడం ఉంది. చాలామంది పిల్లల్లో ముందు చర్మం దెబ్బతింటుంది, ఆ దెబ్బతిన్న చర్మమే ఆహార అలర్జీకి దారి తీస్తుంది.

మొదటి చిక్కు మాటలోనే ఉంది. పసిపిల్లల ఈ చర్మవ్యాధిని వైద్యులు ఎగ్జిమా అంటారు, దానికి తెలుగులో జనం వాడే విడి మాట లేదు. తామర అంటాం, కానీ అదే మాట ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధికీ వాడతాం. గజ్జి అంటాం, అది సూక్ష్మమైన పురుగు వల్ల వచ్చే అంటువ్యాధి. పసిపిల్లల ఎగ్జిమా ఈ రెండూ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మెడికల్ షాపుకు వెళ్లి "బాబుకు తామర వచ్చింది" అన్నప్పుడు చేతిలో పడేది చాలాసార్లు ఘాటైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ఆయింట్‌మెంటు. స్టెరాయిడ్ పూతమందులను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అయినా వాటిని చీటీ లేకుండా కొనడం మన వీధుల్లో ఈనాటికీ కష్టమేమీ కాదు.

మన చర్మం పై పొరను ఇటుకల గోడగా ఊహించుకుంటే, ఆ గోడను గట్టిగా నిలిపి ఉంచే ప్రొటీన్లలో ఫిలాగ్రిన్ ఒకటి. దాన్ని తయారుచేసే జన్యువులో లోపాలు ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని స్కాట్లండ్‌లోని డండీ కేంద్రంగా పనిచేసిన శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. గోడకు బీటలు పడితే లోపలి తేమ బయటికి పోతుంది, బయటి పదార్థాలు లోపలికి చేరతాయి. ఇంటి గాలిలోని దుమ్ములో, మన చేతులకు, దుప్పట్లకు అంటుకుని ఉండే ఆహారపు కణాలు ఆ బీటల్లోంచి రోగనిరోధక వ్యవస్థకు తగిలితే, అది వాటిని శత్రువుల కింద జమకట్టే ప్రమాదం ఉంది. అదే ఆహారం నోటి ద్వారా పేగుల్లోకి వెళ్లినప్పుడు శరీరం సాధారణంగా దాన్ని తనదిగా అంగీకరించడం నేర్చుకుంటుంది. లండన్ వైద్యుడు గిడియన్ లాక్ బృందం 2003లో బ్రిటన్ పిల్లలపై ప్రచురించిన అధ్యయనంలో, వేరుశనగ నూనె కలిసిన క్రీములను ఒరుసుకుపోయిన చర్మానికి రాయడానికీ తర్వాత వేరుశనగ అలర్జీ రావడానికీ సంబంధం కనిపించింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఏడాది వయసు పిల్లలను పరీక్షిస్తే, ఎగ్జిమా ఉన్నవారిలో ఐదుగురికి ఒకరు చొప్పున వేరుశనగ, గుడ్డు, నువ్వులలో ఏదో ఒకదానికి అలర్జీ ఉన్నవారు. ఎగ్జిమా లేనివారిలో ఆ లెక్క ఇరవై ఐదుగురికి ఒకరు.

ఇక్కడ మన సున్నిపిండి సంగతి ఎత్తక తప్పదు. సెనగపిండి, పెసరపిండితో బిడ్డకు నలుగు పెట్టి స్నానం చేయించడం మనకు ముచ్చటైన ఆచారం. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ ఎగ్జిమాతో పగిలిన చర్మానికి పప్పుల పిండిని రోజూ రుద్దడమంటే, ఆ ఆహారపు ప్రొటీన్లను తప్పు దారిలో లోపలికి పంపడమే అవుతుందని నా భయం. ఈ భయానికి ఆధారం జపాన్‌లో ఉంది. అక్కడ గోధుమ ప్రొటీన్‌ను విడగొట్టి కలిపిన ఒక ముఖసబ్బు వాడినవారిలో రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ బారిన పడ్డారు, 2011లో ఆ సబ్బును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. వాళ్లలో చాలామంది అంతకుముందు గోధుమ పదార్థాలు హాయిగా తింటున్నవారే. ముఖం కడుక్కున్న సబ్బు, తినే రొట్టెను విషంగా మార్చింది. సున్నిపిండి మీద అలాంటి పరిశోధన నా దృష్టికి రాలేదు కాబట్టి నేరం మోపడం లేదు. చర్మం మానేదాకా దాన్ని పక్కన పెట్టమని మాత్రమే అంటున్నాను. పిండి గరుకుతనం కూడా ఆ చర్మానికి మంచిది కాదు.

ఇక తిండి మానిపించడం గురించి. ఈ తప్పు మన అమ్మమ్మలు ఒక్కరే చేయలేదు, పెద్ద పెద్ద వైద్య సంఘాలూ చేశాయి. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టవద్దని, పాలిచ్చే తల్లులు కూడా మానుకోవాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2000లో సలహా ఇచ్చింది. పాటించినా అలర్జీ తగ్గిన జాడ లేకపోవడంతో 2008లో ఆ సలహాను వదులుకుంది. అదే ఏడాది లాక్ బృందం మరో పోలిక బయటపెట్టింది. ఒకే యూదు మూలాలున్న పిల్లల్లో, బ్రిటన్‌లో పెరుగుతున్నవారికి వేరుశనగ అలర్జీ 1.85 శాతం ఉంటే, ఇజ్రాయెల్‌లో పెరుగుతున్నవారికి 0.17 శాతమే. ఇజ్రాయెల్ పసిపిల్లలు పళ్లు పూర్తిగా రాకముందు నుంచే నోట్లో కరిగిపోయే వేరుశనగ చిరుతిండి తింటారు. ఆ తేడాయే కారణమా అని తేల్చడానికి లాక్ బృందం తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసికందులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వారానికి 6 గ్రాముల వేరుశనగ ప్రొటీన్ తగ్గకుండా తినిపించింది, రెండో జట్టుకు పూర్తిగా మాన్పించింది. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఐదేళ్లు వచ్చేసరికి మాన్పించిన పిల్లల్లో 17.2 శాతం మందికి అలర్జీ వచ్చింది, తిన్నవారిలో 3.2 శాతం మందికే వచ్చింది. జాగ్రత్త పేరుతో మానిపించడమే ముప్పును పెంచిందని ఇంత స్పష్టంగా చెప్పిన ప్రయోగం ఈ రంగంలో అరుదు.

అనంతపురం లాంటి వేరుశనగ సీమ ఉన్న రాష్ట్రంలో, పల్లీ పచ్చడి లేని ఇడ్లీని ఊహించలేని ఇళ్లలో ఈ పాఠం అందుకోవడం కష్టం కాకూడదు. కానీ మన ఇంటి గాలిలో, చేతుల మీద పల్లీ ఉంటుంది, ఆరో నెల అన్నప్రాశన తర్వాత బిడ్డ నోటికి అందేది మాత్రం చాలాకాలం బియ్యం, పెసరపప్పు ఉగ్గే. ఆ ఉగ్గులోనే వేయించి మెత్తగా పొడి చేసిన పల్లీలు చిటికెడు కలపవచ్చు, బాగా ఉడికిన గుడ్డును కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. కొత్త పదార్థాన్ని పగటిపూట, బిడ్డకు జలుబు, జ్వరం లేనప్పుడు పెట్టి, రెండు గంటలు కనిపెట్టి ఉండాలి. పడిందని తెలిశాక వారంలో రెండు మూడుసార్లు పెడుతూనే ఉండాలి, ఒకసారి రుచి చూపించి వదిలేస్తే లాభం లేదు. పల్లీ గింజను గింజగా పసిపిల్లలకు ఎన్నడూ ఇవ్వకూడదు, ఊపిరిగొట్టంలో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకూ, ఇప్పటికే ఏదో ఆహారానికి ఒళ్లు దద్దుర్లెక్కిన బిడ్డకూ ఈ ప్రయత్నం ఇంట్లో సొంతంగా చేయకూడదు. లండన్ ప్రయోగంలో కూడా చర్మ పరీక్షలో పెద్ద పొంగు వచ్చిన పిల్లలను చేర్చుకోలేదు. వాళ్ల విషయంలో ముందు పిల్లల వైద్యులతో మాట్లాడాలి.

ఆ వైద్యుల దగ్గరికి వెళ్లేలోపే చాలామంది తల్లిదండ్రులు ల్యాబ్‌లో అలర్జీ ప్యానెల్ చేయించుకుని వస్తున్నారు. ఒక్క రక్తనమూనాతో పదుల కొద్దీ ఆహారాల జాబితా, దానిలో సగానికి ఎర్ర గుర్తులు. ఆ కాగితాన్ని పట్టుకుని పాలు, గుడ్డు, గోధుమ, కంది, సెనగ అన్నీ ఒక్క రోజులో ఆపేస్తారు. ఈ ప్యానెల్ రక్తంలో వెతికేది ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకాన్ని. ఐజీఈ పరీక్షలో పాజిటివ్ రావడం అంటే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే, తింటే ఇబ్బంది వస్తుందని కాదు. బెంగళూరు, మైసూరుల్లో పెద్దవాళ్లపై జరిగిన అధ్యయనంలో 26.5 శాతం మందికి ఏదో ఒక ఆహారంపై పరీక్ష పాజిటివ్ వచ్చింది, నిజంగా అలర్జీ ఉండవచ్చని తేలినవారు 1.2 శాతమే. ఎగ్జిమా పిల్లల్లో ఈ తప్పు పాజిటివ్‌లు మరీ ఎక్కువ. తిన్న నిమిషాల్లో, లేదా రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వచ్చిన కథ ఉంటేనే ఆ ఒక్క పదార్థానికి పరీక్ష అర్థవంతం. లేని అలర్జీకి మాన్పించడం వల్ల వచ్చే నష్టం ఎదుగుదల కుంటుపడటంతో ఆగదు. అమెరికాలో ఎగ్జిమా పిల్లలపై 2016లో వచ్చిన ఒక పరిశీలనలో, అంతకుముందు ఆ ఆహారం తిని ఏ తక్షణ ఇబ్బందీ ఎరగని పిల్లలకు దాన్ని మాన్పించిన తర్వాత, దాదాపు ఐదో వంతు మందిలో కొత్తగా తక్షణ అలర్జీ తలెత్తింది.

పాల అలర్జీ విషయంలో మన పొరపాటు మరో రకం. ఆవుపాలు పడటం లేదంటే గేదెపాలకో మేకపాలకో మారతారు. వీటి ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లను అంతగా పోలి ఉంటాయి కాబట్టి ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో అత్యధికులకు ఇవీ పడవు. వీధుల్లో గాడిదను వెంటబెట్టుకుని తిరుగుతూ అమ్మే పాల ప్రొటీన్లు కొంత భిన్నమైనవే, కానీ కాచని పాలను పసికందు నోట్లో పోయడం వేరే ప్రమాదం, పైగా వాటిలో కొవ్వు చాలా తక్కువ. తల్లిపాలు తాగే బిడ్డకు తల్లిపాలు మానిపించాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో వయసుతో తగ్గిపోతాయన్నది ఈ కుటుంబాలకు వైద్యులు మొదటి రోజే చెప్పాల్సిన మాట.

మరి చర్మానికి ఏం చేయాలి? గోరువెచ్చని నీళ్లతో, ఘాటు సబ్బు లేకుండా కొద్దిసేపు స్నానం, ఒళ్లు తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. ఎగ్జిమా ఉన్న బిడ్డకు వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా అవసరమని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర చిన్న ట్యూబు కొని నెలంతా పొదుపుగా రాస్తాం, అందుకే గుణం కనిపించదు. ఖరీదైన క్రీము కొనలేనివారికి వాసన కలపని పెట్రోలియం జెల్లీ చాలు. మంట ఉన్నచోట మాయిశ్చరైజర్ ఒక్కటే సరిపోదు, వయసుకూ చోటుకూ తగిన తేలిక స్టెరాయిడ్ కొన్ని రోజులు రాయాలి. షాపువాడిచ్చిన ఘాటైన మందును నెలల తరబడి రాసే కుటుంబాలే, డాక్టరు రాసిన తేలిక మందును "స్టెరాయిడ్" అన్న మాట విని చెత్తబుట్టలో పడేయడం చూస్తుంటాం. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన మందు సుమారు అర గ్రాము, అది వేళ్లతో కలిపి పెద్దవాళ్ల రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. ఈ ఒక్క కొలత చీటీ మీద రాసి ఇస్తే సగం భయం పోతుంది. పుట్టిన ప్రతి బిడ్డకూ క్రీములు పూస్తే ఎగ్జిమా రాకుండా ఆపవచ్చన్న ఆశ మాత్రం 2020లో వచ్చిన రెండు పెద్ద ప్రయోగాల్లో నిలబడలేదు. వచ్చిన ఎగ్జిమాకు వైద్యంగానే వాటి విలువ.

ఇంత చెప్పాక, నిజమైన అలర్జీ ఉన్న పిల్లలను మన వ్యవస్థ దాదాపు మరచిపోయిందన్నదీ చెప్పాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, సెనగపప్పు, పాలపొడి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ బడుల మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ వడ్డిస్తున్నారు. లక్షలాది పిల్లలకు ఇవి మేలు చేసే తిళ్లు, వీటిని తీసేయమనడం దారుణం. కానీ ఒక బిడ్డకు ఇవి పడవని రాసుకునే గడి ఆ కేంద్రంలోని ప్రతి రిజిస్టరులో ఉండాలి, వాటికి బదులు ఏం పెట్టాలో కార్యకర్తకు తెలిసి ఉండాలి. ప్యాకెట్ల మీద అలర్జీ కారకాలు ప్రకటించాలన్న 2020 నాటి ఆహార భద్రత సంస్థ నిబంధనల జాబితాలో పాలు, గుడ్డు, వేరుశనగ ఉన్నాయి, మన అరిసెల్లో, పులిహోరలో ఉండే నువ్వులు లేవు. అమెరికా 2023 జనవరి నుంచి నువ్వులను కూడా ప్రకటించాల్సిన వాటిలో చేర్చింది.

ఊపిరి ఆడక, గొంతు బొంగురుపోయి, బిడ్డ వాలిపోతున్నప్పుడు పని చేసే మందు ఒక్కటే, తొడ కండరంలోకి ఎక్కించే అడ్రినలిన్. అలర్జీ మాత్ర, సిరప్ ఆ సమయంలో ప్రాణం కాపాడవు. అడ్రినలిన్ ఆంప్యూల్ ఖరీదు చాలా తక్కువ. విదేశాల్లో తల్లిదండ్రులు సంచీలో పెట్టుకు తిరిగే, ముందే డోసు నింపి ఉన్న ఆటో ఇంజెక్టర్ మాత్రం ఇక్కడి సామాన్యులకు అందేది కాదు. అయితే టీకాల రోజున ఏఎన్‌ఎం దగ్గర అడ్రినలిన్ కిట్ ఉండాలని, టీకా వికటించిన లక్షణాలు కనిపిస్తే డాక్టరు వచ్చేలోపు వయసుకు తగిన ఒక డోసు ఆమే ఇవ్వవచ్చని మన దేశంలో నిబంధన ఉంది. అదే కిట్, అదే శిక్షణ, అదే అనుమతి ఆహార అలర్జీకి కూడా వర్తిస్తాయని ఒక్క ఉత్తర్వు ఇచ్చి, మిగతా రోజుల్లో ఆ కిట్టును ఉపకేంద్రంలో, బడిలో అందుబాటులో ఉంచడానికి రెండు తెలుగు ప్రభుత్వాలకూ కొత్తగా పెద్ద ఖర్చేమీ ఉండదు.