పిల్లల ఆటకి 'అయిపోయింది' అనేది లేకుండా చేశారు

ఈ పోస్ట్ మీ టైమ్‌లైన్‌లోకీ వచ్చే ఉంటుంది. ఎడమవైపు మట్టిలో ఆడుకుంటున్న పిల్లల ఫోటో, కుడివైపు సోఫాలో కూలబడి ఫోన్ చూస్తున్న పిల్లాడి ఫోటో. పైన "మా తరం, ఈ తరం" అని రాసి ఉంటుంది. కింద లైకుల వాన. అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. తప్పంతా కుడివైపు పిల్లాడి మీదకి నెట్టేసి మనం చేతులు దులుపుకుంటాం. వాడి చేతిలో ఉన్న వస్తువుని ఎవరు తయారుచేశారు, ఎందుకు అలాగే తయారుచేశారు అని ఒక్కరూ అడగరు.

పిల్లలు ఏమీ మారలేదు. టీవీ ముందు వదిలేస్తే మేమూ కదిలేవాళ్లం కాదు. వీడియో గేమ్ చేతికి చిక్కితే ఎవరు పిలిచినా వినపడేది కాదు. కానీ అప్పటి వినోదం దానంతటదే అయిపోయేది. ఇప్పటిది అయిపోదు. అయిపోకుండా ఉండేలా పనిగట్టుకుని కట్టారు దాన్ని. నా గొడవంతా దీని గురించే.

టీవీ సంగతే చూడండి. పిల్లల కార్యక్రమం అరగంట ఉండేది. అది అవగానే వార్తలో, పెద్దవాళ్ల చర్చో మొదలయ్యేది. మమ్మల్ని టీవీ ముందు నుంచి లేపింది అమ్మ కేకల కంటే ఆ వార్తలే ఎక్కువ. ఇక చూడ్డానికి ఏమీ ఉండదు, సాయంత్రం ఇంకా చాలా మిగిలి ఉంటుంది, బోర్ కొడుతుంది. కాసేపు గోడకి బంతి కొడతాం. ఆ తర్వాత రెండు కుర్చీల మీద దుప్పటి కప్పి దాని కింద దూరతాం. అది ఓడ అని ఒకరంటే, కాదు గుహ అని ఇంకొకరంటారు. దాని మీద కొట్లాట. చివరికి ఓడలోనే గుహ ఉందని రాజీ. ఆట మొదలయ్యేలోపే ఆట నియమాల మీద గంట గడిచిపోయేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పురమాయించలేదు. టీవీలో చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి పుట్టిన ఆట అది.

టీవీ పవిత్రమైనదని నేను అనడం లేదు. బొమ్మలు అమ్ముకోడానికే కార్టూన్లు తీసిన కాలం ఒకటుంది, 1980లలో అమెరికాలో అది పెద్ద వ్యాపారం. కాకపోతే అక్కడ చట్టం అడ్డుపడింది. 1990లో వచ్చిన చట్టంతో పిల్లల కార్యక్రమాల మధ్య ప్రకటనలకి గంటకి ఇన్ని నిమిషాలే అని లెక్క పెట్టారు. వారాంతాల్లో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12. స్వీడన్ 1991లో ఇంకా ముందుకెళ్లి, 12 ఏళ్లలోపు పిల్లల్ని ఉద్దేశించిన టీవీ ప్రకటనలనే వద్దంది. అంటే, పెద్దల తెలివితేటల్ని పిల్లల మీద ప్రయోగించడం న్యాయం కాదని అప్పట్లోనే కొన్ని ప్రభుత్వాలకి అర్థమైంది. పైగా టీవీ హాల్లో ఉండేది. పిల్లలు ఏం చూస్తున్నారో వంటింట్లో ఉన్నవాళ్లకీ వినపడేది. ఇప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చేతిలో అరచేతంత తెర పట్టుకుని కూర్చున్న పిల్లాడు ఏం వింటున్నాడో పక్కనే కూర్చున్నా తెలియదు.

వీడియో గేమ్‌లని తిట్టేవాళ్లతో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. నాకు గేమ్‌లంటే ప్రాణం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో ఎనిమిది ప్రపంచాలు, ఒక్కోదాంట్లో నాలుగు దశలు, మొత్తం 32. ఆఖరి కోట దాటితే రాకుమారి దొరుకుతుంది. అంతే, గెలిచాం. దాని తర్వాత ఆ గేమ్‌కి మనతో పనిలేదు, మనకి దానితో పనిలేదు. కావాలనుకుంటే మళ్లీ ఆడొచ్చు, లేదంటే క్యాసెట్ తీసి స్నేహితుడికి ఇచ్చేయొచ్చు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రాసిన టెట్రిస్‌లో పైనుంచి పడే ముక్కల్ని పేర్చాలి, దానికి గెలుపంటూ లేదు. అయినా ఆట వేగం పెరిగి పెరిగి చివరికి మనల్ని ఓడిస్తుంది. 'గేమ్ ఓవర్' అని తెర మీద పడుతుంది. ఆ రెండు మాటలు చూసి ఎంత ఉడుక్కున్నా సరే, అది లేవడానికి ఒక అవకాశం.

"మరి నాణేలు వేసి ఆడే మిషన్లు? అవీ డబ్బు గుంజడానికే కదా" అంటారేమో. నిజమే. మూడు నిమిషాల్లో ఓడించి ఇంకో నాణెం వేయించుకునేలాగే వాటిని కష్టంగా తయారుచేసేవాళ్లు. కానీ జేబులో నాణేలు అయిపోతే ఇంటికెళ్లాల్సిందే. ఎంత ఖర్చయిందో చేతికి తెలిసేది. జేబు ఖాళీ అవడమూ ఒక ముగింపే.

ఇప్పుడు ఆ ఆగే చోట్లన్నీ ఒక్కొక్కటిగా తీసేశారు. పేజీ చివరికి రాగానే 'తర్వాతి పేజీ' నొక్కాల్సిన అవసరం లేకుండా, కిందకి జరుపుతున్న కొద్దీ వస్తూనే ఉండే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించాడు. అది జనాన్ని ఎలా కట్టిపడేసిందో చూశాక ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. 2015లో యూట్యూబ్‌లో ఆటోప్లే వచ్చింది. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలు. 2020లో అదే సంస్థ షార్ట్స్ తెచ్చింది. ఇక ఒక్కో వీడియోకీ మొదలు ఏదో చివర ఏదో పట్టించుకునే తీరిక కూడా లేదు. బొటనవేలు కదిపితే చాలు.

"చూడాలనిపిస్తే చూస్తారు, వద్దనుకుంటే ఆపేస్తారు" అనేవాళ్లు ఒకసారి ఆలోచించండి. ఆపాలంటే ముందు ఆపాలా వద్దా అన్న ప్రశ్న రావాలి. అరగంట కార్యక్రమం ఆ ప్రశ్నని అరగంటకోసారి అడిగేది. ఇప్పుడు ఆ ప్రశ్నే రాకుండా చూసుకుంటారు. పెద్దవాళ్లం మనమే "ఒక్క నిమిషం" అని ఫోన్ తీసి అర్ధరాత్రి దాకా తేలలేకపోతున్నాం. ఏడేళ్ల పిల్ల తనంతట తనే ఆపేయాలట!

మా అన్నయ్య కూతురు ట్యాబ్‌లో ఒక తోట గేమ్ ఆడేది. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో. విత్తనం నాటాలి, నీళ్లు పోయాలి, పువ్వు కోయాలి. ఒకరోజు పడుకోమని ట్యాబ్ తీసుకోబోతే "కాసేపాగు అత్తా, నా మొక్కలు చచ్చిపోతాయి" అని ఏడుపు అందుకుంది. మారాం చేస్తోందనుకుని పక్కన కూర్చుని చూశాను. మారాం కాదు. నిజంగానే గడియారం పెట్టారు దాంట్లో. ఇంకో పన్నెండు నిమిషాల్లో నీళ్లు పోయకపోతే మొక్క వాడిపోతుంది. వాడిపోకుండా ఉండాలంటే వజ్రాలు వాడాలి. వజ్రాలు కావాలంటే డబ్బు కట్టాలి, లేదంటే ప్రకటన చూడాలి. ప్రకటన మూసే గుర్తు ఓ మూలన, ఆ పిల్ల వేలికి సగం కూడా లేదు. నొక్కబోతే పక్కన తగిలి ఇంకేదో తెరుచుకుంది. రోజూ వరసగా వస్తే ఒక బహుమతి, ఒక్కరోజు రాకపోతే ఆ వరస మొత్తం పోతుంది. మర్నాడు పొద్దున పిల్ల కంటే ముందు నిద్ర లేచింది ట్యాబే. "నీ తోట నీ కోసం దిగులు పడుతోంది" అని కబురు పంపింది.

ఏడేళ్ల పిల్లకి మొక్క మీద ఉన్న ప్రేమని పట్టుకుని ఆడించడం ఇది. దీన్ని ఆటంటారా? ఇది రాసినవాళ్లకి పిల్లల మనసు తెలియక కాదు, బాగా తెలిసే రాశారు. ఆ రాత్రి ఏడ్చిన పిల్లని "ఫోన్ పిచ్చి పట్టింది" అనడం నాకు చేతకాదు. తనని నమ్ముకున్న ప్రాణాన్ని కాపాడాలనే అది ఏడ్చింది.

డబ్బు విషయానికొస్తే ఇంకా ఘోరం. ఏముందో తెలియని పెట్టెకి డబ్బు కట్టి తెరవాలి, అదృష్టం ఉంటే మంచి వస్తువు వస్తుంది. దీన్నే లూట్ బాక్స్ అంటారు. మీట పొడిస్తే గింజ పడే పెట్టెలో, గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడే పావురం మీటని విడవకుండా పొడుస్తుందని అమెరికా శాస్త్రవేత్త స్కిన్నర్ చేసిన ప్రయోగాల నాటి నుంచీ మనస్తత్వ శాస్త్రానికి తెలుసు. జూదపు మిషన్లు నడిచేదీ దాని మీదే. 2018లో బెల్జియం ఇది జూదమేనని తేల్చి, డబ్బు కట్టి తెరిచే ఇలాంటి పెట్టెలు చట్టవిరుద్ధమంది. ఎక్కువ దేశాలు ఇప్పటికీ ఆ మాట అనలేకపోతున్నాయి.

2022 డిసెంబర్‌లో ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ గేమ్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ సంస్థ అమెరికాలో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 27.5 కోట్లు పిల్లల సమాచారం విషయంలో జరిమానా, 24.5 కోట్లు కొన్నవాళ్లకి వెనక్కి ఇవ్వడానికి. అక్కడ వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణల్లో ఒకటి చదివితే కడుపు రగిలిపోతుంది. నిద్రలో ఉన్న గేమ్‌ని లేపడానికి ఒక బటన్ నొక్కినా, గేమ్ లోడ్ అవుతుండగా పొరపాటున నొక్కినా కొనుగోలు అయిపోయేలా బటన్లు అమర్చారట. మన ఇళ్లలో "కార్డులోంచి డబ్బులెలా పోయాయిరా" అని పిల్లాడి వీపు వాచిపోయే రోజులు గుర్తుచేసుకోండి. ఎన్నిసార్లు తప్పు వాడిది కాదో!

పరిష్కారం అనగానే గంటల లెక్క మొదలవుతుంది. పసిపిల్లల విషయంలో ఆ లెక్క సబబే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలు వద్దని, నాలుగేళ్ల దాకా రోజుకి గంట మించొద్దని చెప్పింది, నేనూ ఒప్పుకుంటాను. కానీ పదేళ్ల పిల్లాడి విషయంలో అన్ని గంటలూ ఒకటి కావు. ఇద్దరు పిల్లలు కలిసి మైన్‌క్రాఫ్ట్ అనే కట్టడాల గేమ్‌లో వంతెన కడుతూ, అది కూలిపోతే తిట్టుకుంటూ, మళ్లీ కడుతూ గడిపే రెండు గంటలు వేరు. ఎవరో మెటికలు విరిచే వీడియో, పిల్లి వీడియో, ప్రకటన, మళ్లీ పిల్లి అని జారిపోయే రెండు గంటలు వేరు. మొదటి పిల్లల్ని "ఇవాళ ఏం చేశారు" అని అడిగితే అరగంట చెబుతారు. రెండో పిల్లాడికి చెప్పడానికి ఏమీ గుర్తుండదు.

చైనా 2021లో 18 ఏళ్లలోపు వాళ్లకి ఆన్‌లైన్ గేమ్‌లు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో, రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే అని రూలు పెట్టింది. నాకిది నచ్చలేదు. వల వేసినవాడిని వదిలేసి చేపకి టైమ్‌టేబుల్ ఇచ్చినట్టుంది. బాలల హక్కుల ఒప్పందంలో ఐక్యరాజ్యసమితి 1989లోనే విశ్రాంతి, తీరిక, ఆట పిల్లల హక్కులని 31వ అధికరణంలో రాసింది. హక్కు పిల్లలదైతే ఆంక్షలు అమ్మేవాళ్ల మీద ఉండాలి.

అలా చేయడం కుదరని పనేం కాదు. 2021లో యూట్యూబ్ 13 నుంచి 17 ఏళ్ల వాళ్ల ఖాతాల్లో ఆటోప్లేని ముందే ఆపి ఉంచుతామంది. అంటే మీట ఆ సంస్థల చేతిలోనే ఉంది, తిప్పడానికి ఒక్క రోజు చాలు. కాకపోతే ఇళ్లలో చాలామంది పిల్లలు చూసేది అమ్మ ఖాతాలోనో నాన్న ఖాతాలోనో. అక్కడ అది నడుస్తూనే ఉంటుంది. ఇవాళే వెళ్లి మీ ఫోన్లో ఆ ఒక్కటీ ఆపేయండి.

ఇంట్లో మేము పాటిస్తున్నదీ చెబుతాను. "ఎంతసేపు చూస్తావు" అని అడగడం మానేశాం. "ఎక్కడ ఆపుతావు" అని ముందే అడుగుతున్నాం. ఈ ఎపిసోడ్ చివర, ఈ మ్యాచ్ అవగానే, ఈ లెవెల్ దాటాక, ఏదో ఒకటి పిల్లే చెప్పాలి. చూడాల్సినవి ముందే డౌన్‌లోడ్ చేసి నెట్ తీసేసి ఇస్తాం. అవి అయిపోతే తెర మీద ఇంకేమీ ఉండదు. ఆన్‌లైన్ మ్యాచ్ మధ్యలో మాత్రం లాక్కోము. అవతల మిగతా జట్టు తన మీద ఆధారపడి ఉంటుంది, మధ్యలో లేచి వచ్చేస్తే వాళ్ల దగ్గర తన పరువు పోతుంది. పిల్లల కోపంలో చాలాసార్లు ఇంత న్యాయం ఉంటుంది, మనం వినం. తోట గేమ్ తీసేసిన రోజు పిల్ల బాగా ఏడ్చింది. తీసే ముందు తన మొక్కలన్నిటినీ పేరుపేరునా ఒక కాగితం మీద బొమ్మలు గీసుకోనిచ్చాం.

ఏడుపులు తగ్గాయి. పూర్తిగా పోలేదు. ఎందుకంటే ఇంట్లో మనం ఎన్ని ముగింపులు పెట్టినా, అవతల వందలమంది ఇంజనీర్లు వాటిని చెరిపేయడానికే జీతాలు తీసుకుంటున్నారు. ఆ పోరు ఒక్కో ఇంట్లో ఒక్కో అమ్మ ఒంటరిగా చేయాల్సింది కాదు. పిల్లలకి అమ్మే గేమ్‌లో గడియారపు బెదిరింపులు, రోజువారీ వరసలు, అదృష్టపు పెట్టెలు ఉండకూడదని చట్టం రావాలి. ఆట పూర్తి ధర ముందే చెప్పి, పూర్తి ఆట చేతిలో పెట్టాలి.

ఈ పోస్ట్ చదివేవాళ్లలో గేమ్‌లు, యాప్‌లు తయారుచేసేవాళ్లు కూడా ఉన్నారని నాకు తెలుసు. పిల్లల ఖాతాల్లో ఇవి తీసేయమని మీ మీటింగుల్లో ఎవరైనా అడిగారా, అడిగితే ఏం జవాబొచ్చిందో రాయండి. మిగతావాళ్లు, ఏడు నుంచి పదేళ్ల పిల్లలు ఆడుకోడానికి ఒకసారి కొంటే సరిపోయే, ఒక చివర ఉన్న గేమ్‌లు మీకు తెలిసినవి కింద చెప్పండి. మా పిల్లకి తోటలంటే ఇంకా ఇష్టమే. మొక్కలు చచ్చిపోని తోట గేమ్ ఏదైనా ఉంటే మరీ మంచిది.