చిరిగిన తెరకు కుట్టుపని

యేసు సిలువ మీద చనిపోయినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందిదాకా రెండుగా చిరిగిందని మత్తయి 27:51లో ఉంది. అంటే దేవుని దగ్గరికి దారి తెరుచుకుందన్నమాట. చిరిగిన గుడ్డను అలాగే వేలాడనిస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు? అందుకే దేవునికీ మనకూ మధ్య దళారులుగా నిలబడే కొందరు దయామయులు తరతరాలుగా సూదీ దారం పట్టుకుని దానికి కుట్లు వేస్తూనే ఉన్నారు. వాళ్ల శ్రమకు తగిన గౌరవం దక్కడం లేదు.

అసలు తెర సామాన్యమైనదా! మోషే కాలపు గుడారంలో వేలాడిన మొదటి తెరకే నీలం, ఊదా, ఎరుపు దారాలు, పేనిన సన్ననార, మీద కెరూబులనే రెక్కల దూతల అల్లిక, తగిలించడానికి నాలుగు తుమ్మకర్ర స్తంభాలు, బంగారు కొంకులు. దాని వెనక్కి, దేవుని సన్నిధి ఉండే అతిపరిశుద్ధ స్థలంలోకి, వెళ్లేది ప్రధాన యాజకుడొక్కడే, అదీ ఏడాదికి ఒక్కరోజు, ఏడో నెల పదో తేదీన. ముందు తన పాపానికే ఒక కోడెను బలివ్వాలి. తర్వాత ధూపార్తి నిండా నిప్పులు, రెండు పిడికిళ్ల ధూపం పొడి. ఆ పొగ మందసపు మూతను, అంటే కరుణాపీఠాన్ని, కమ్మకపోతే మనిషి దక్కడు. ఆపైన రక్తం వేలితో ఏడుసార్లు చిలకరించాలి. (ఆయన కాలికి తాడు కట్టేవారని ప్రసంగాల్లో వింటుంటాం. లేవీయకాండం 16 ఎంత వెతికినా తాడు దొరకదు.) అంత పద్ధతిగా సాగిన చోట ఇప్పుడు ఎవడు పడితే వాడు మంచం దిగకుండానే "తండ్రీ" అనేస్తున్నాడు. పైగా హెబ్రీ పత్రిక 4:16 ధైర్యంగా రమ్మని ఎగదోస్తోంది!

కుట్టుపనికి కావలసిన దారం భయం. దాన్ని దళారులు కొననక్కర్లేదు, వచ్చినవాళ్లే తెచ్చుకుంటారు. సీనాయి కొండ దగ్గర "నువ్వే మాట్లాడు, దేవుడు మాట్లాడితే చచ్చిపోతాం" అని మోషేను బతిమాలింది జనమే కదా. నేరుగా మాట్లాడితే వచ్చే చిక్కు వాళ్లకు తెలుసు. అవతలివాడు కూడా మాట్లాడతాడు. పంట గురించి అడుగుదామని వెళ్తే, తమ్ముణ్ణి చంపిన కయీనును అడిగినట్టు "నీ తమ్ముడెక్కడ?" అని అడిగినా అడుగుతాడు. దళారీ అలాంటివి అడగడు. పేరు, సమస్య, డబ్బు కవరు, అంతే.

ఇక కుట్టు ఎక్కడ పడాలన్నది పనితనం. 1 తిమోతి రెండో అధ్యాయం మొదటి వచనం అందరికోసం విజ్ఞాపనలు చేయమంటుంది. అయిదో వచనం దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే, క్రీస్తుయేసు అంటుంది. మధ్యలో మూడంటే మూడు వచనాలు. సూది ఒకటో వచనంలో గుచ్చి అయిదో వచనం రాకముందే ముడి వేసేయాలి. లేకపోతే తేడా బయటపడుతుంది. విజ్ఞాపన చేసేవాడు మన పక్కన మోకరించేవాడు. అతను రాకపోయినా మన ప్రార్థన ఆగదు. మధ్యవర్తి అంటే ఎవరు లేకపోతే తలుపే లేదో ఆయన. మొదటివాడు రెండోవాడి కుర్చీలో కూర్చున్నాడని వచ్చినవాళ్లకు తెలిసిందా, ఆ పూటకు దుకాణం కట్టేసుకోవాల్సిందే. గ్రీకు కొత్త నిబంధనలో మధ్యవర్తి అన్న మాట ఆరే ఆరుసార్లు వస్తుంది. గలతీ పత్రికలోని రెండూ ధర్మశాస్త్రం వచ్చిన తీరు గురించి. మిగతా నాలుగూ యేసుకే. ఏడో చోటు ఖాళీ లేదని గొణగడం దేనికి, కుర్చీ మనమే వేసుకుంటే పోలేదా!

రుసుము సంగతి. యాజకుడు ఏలీ కొడుకుల కాలంలో పరికరం మూడు ముళ్ల కొంకి. బలిమాంసం ఉడుకుతుండగా కుండలో గుచ్చేవారు. కొంకికి ఎంత తగులుకుంటే అంతా యాజకుడిది. కొవ్వు ముందు దేవునికి దహించాలని నియమం. అంతసేపు ఎవరు కూర్చుంటారు, పచ్చిమాంసమే తీయమన్నారు, లేదంటే లాక్కుంటామన్నారు. సమరయలో గారడీ చేసే సీమోను మరీ అమాయకుడు. ఆత్మను ఇచ్చే అధికారానికి అపొస్తలుల ముందే డబ్బు పెట్టి, నీ వెండి నీతోపాటే నాశనమవుతుందని పేతురు చేత అనిపించుకున్నాడు. 'కానుక' అనలేకపోయాడు పాపం.

ఎంత బాగా కుట్టినా పిగిలిపోయే చోట్లున్నాయి. షిలోహు మందిరంలో గుమ్మం దగ్గర పీఠం మీద ఏలీ కూర్చునే ఉన్నాడు. బిడ్డలు లేని హన్నా పెదవులు మాత్రం కదుపుతూ లోలోపల ప్రార్థించింది. తాగి వచ్చిందనుకుని గద్దించాడు. ఆమె సమాధానం విన్నాక, నువ్వడిగింది దేవుడు దయచేయాలని దీవించి పంపాడు. ఏమడిగిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. బిడ్డ పుట్టాడు. యాజకుడు ఎదుటే ఉండగా ఫైలు ఆయన చేతిలో పడకుండానే పని జరిగిపోయింది.

అసలు మధ్యవర్తి యేసు కూడా ఈ వృత్తికి సహకరించడం లేదు. మీ తరఫున తండ్రిని నేను వేడుకుంటానని అనడం లేదు, తండ్రే మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు అన్నాడు, యోహాను 16లో. గదిలోకి వెళ్లి తలుపు వేసుకొమ్మన్నాడు. ఆ గదిలో కవరు పెట్టే బల్ల ఊసే లేదు. ఆయన చెప్పిన ఉపమానంలో సుంకరి దూరంగా నిలబడి, కళ్లెత్తకుండా, రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించు" అని, నీతిమంతుడుగా తీర్పు పొంది ఇంటికి వెళ్లిపోయాడు. మొత్తం నాలుగు మాటలు. మాటకింతని లెక్క కట్టినా దారం ఖర్చు కూడా రాదు.