పుస్తకం పుట్టాలంటే గుడిలో నిద్ర చేయాలి

ప్రాచీన గ్రీకు, రోమన్ మతాలు అంతరించిపోయాయని పండితులు రాస్తుంటారు. క్రీ.శ. 4వ శతాబ్దం చివర్లో థియోడోసియస్ చక్రవర్తి బలులు నిషేధించాడు, గుళ్లకు తాళాలు వేయించాడు, అక్కడితో అంతా అయిపోయిందంటారు. నేను ఒప్పుకోను. ఆ మతం నిక్షేపంగా ఉంది. పైగా ఏటా దరఖాస్తులు పిలుస్తోంది. గడువు దాటితే సాక్షాత్తూ గ్రీకు దేవతల రాజు జ్యూస్ దిగివచ్చినా పోర్టల్ తెరుచుకోదు.

ఆధారం కావాలా? గ్రీసులో ఎపిడారస్ అనే చోట వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడి ఉండేది. రోగులు స్నానం చేసి, నైవేద్యం పెట్టి, అక్కడి మండపంలో రాత్రి నిద్ర చేసేవాళ్లు. దేవుడు కలలోకి వచ్చి నయం చేసేవాడు. సంతానం కోసం గుళ్లో నిద్ర చేయడం మనకూ తెలిసిన ఆచారమే కాబట్టి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇవాళ లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ విల్లా మ్యూజియం, రోమ్‌లో జానికులం కొండ మీది అమెరికన్ అకాడమీ, జెనీవా శివార్లలో ప్రాచీన గ్రీకు, రోమన్ చదువుల కోసం ఉన్న హార్ట్ (Hardt) ఫౌండేషన్ చేస్తున్నదీ ఇదే. పుస్తకం కడుపులో అడ్డం తిరిగిన పండితుణ్ణి పిలిచి, ఉండటానికి చోటు, చదువుకోవడానికి లైబ్రరీ ఇచ్చి, కొన్ని వారాలో కొన్ని నెలలో నిద్ర చేయిస్తారు. దీనికి రెసిడెన్షియల్ ఫెలోషిప్ అని పేరు.

ఎపిడారస్‌లో నయమైనవాళ్ల కథలు క్రీ.పూ. 4వ శతాబ్దంలో రాతిపలకల మీద చెక్కారు. మొదటి కేసు క్లియో అనే ఆమెది. ఐదేళ్ల గర్భం. కాన్పు రాదు. గుళ్లో నిద్ర చేసి ఆవరణ దాటగానే కొడుకు పుట్టాడు. పుట్టీ పుట్టగానే లేచి, ఊట దగ్గర తనే స్నానం చేసి, తల్లి వెంట నడిచాడట. పీహెచ్‌డీని పుస్తకంగా మారుస్తున్న ప్రతి అధ్యాపకుడూ ఈ శాసనం చదివి కళ్లు తుడుచుకోవాలి. ఫుట్‌నోట్లు, సూచిక, బొమ్మల అనుమతులు అన్నీ తనే చూసుకుని నడిచొచ్చే పుస్తకం ఎవరికి వద్దు?

రెండో కేసు ఇంకా ముఖ్యం, దీన్ని దరఖాస్తు ఫారానికి జతచేయాలి. ఇత్మోనికా అనే ఆమె ఆడపిల్ల కడుపున పడాలని కోరింది. సరే, ఇంకేమైనా కావాలా అని దేవుడు అడిగాడు. ఏమీ వద్దంది. మూడేళ్లు గడిచినా కాన్పు కాలేదు. లబోదిబోమంటూ మళ్లీ వస్తే, నువ్వడిగింది గర్భమే, ప్రసవం అడగలేదే అన్నాడు దేవుడు. ప్రపోజల్‌లో రాయని పనికి నిధులు రావని కనిపెట్టింది ఆడిటర్లు కాదు, అస్క్లేపియస్. అయితే ఆయన చివరికి కరుణించాడు. కమిటీల సంగతి నేను చెప్పలేను.

ఫెలోషిప్ కమిటీకి ఎప్పటికప్పుడు ఒక థీమ్ పూనుతుంది. ఒకసారి పర్షియా అంటారు, మరోసారి అనటోలియా (నేటి టర్కీ ప్రాంతం) అంటారు. జీవితమంతా ప్రాచీన ఇటలీలోని ఎట్రుస్కన్ జాతివాళ్ల అద్దాల పిడులు చూసినవాడు, ప్రకటన వచ్చిన రాత్రే ఆ పిడుల్లో అనటోలియా ఛాయలు కనిపెడతాడు. పూర్వం గొర్రె కాలేయం చూసి భవిష్యత్తు చెప్పిన ఎట్రుస్కన్ జోస్యులు కూడా ఇంత వేగంగా చూడలేదు.

ఇక గెట్టీ విల్లా. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియం అనే రోమన్ పట్టణంలోని ఒక భవంతికి ఇది నకలు. 1974లో తెరిచారు. కట్టించిన చమురు కోటీశ్వరుడు పాల్ గెట్టీ అప్పటికి ఇంగ్లండులో ఉండేవాడు. తన ఇంటికొచ్చే అతిథుల కోసం కాయిన్ ఫోన్ పెట్టించిన మహానుభావుడు. విల్లాను కళ్లారా చూడకుండానే 1976లో పోయాడు. తర్వాత ఆయన్ని తెచ్చి ఆ స్థలంలోనే సమాధి చేశారు. వీరుడి సమాధి చుట్టూ ఆరాధన సాగడం గ్రీకు మతంలో మామూలే. ప్రవేశం ఉచితం, టైమ్ స్లాట్ టికెట్ తీసుకోవాలి. పార్కింగుకు మాత్రం డబ్బు కట్టాలి.

అక్కడ అందరికంటే పెద్ద ఫెలోషిప్ ఒక దేవతకు దక్కింది. 1988లో 1.8 కోట్ల డాలర్లకు కొన్న విగ్రహం, ఏడడుగులకు పైనే ఎత్తు. పండితులకు తొమ్మిది నెలలిస్తే గొప్ప, ఈవిడ రెండు దశాబ్దాలకు పైగా ఉంది. సిఫారసు ఉత్తరాలు లేవు, సరైన కాగితాలూ లేవు. సిసిలీలో దొంగతవ్వకాల్లో బయటపడిందని ఇటలీ పట్టుబడితే, 2011లో ఐడోనె అనే చిన్న ఊరి మ్యూజియానికి చేరింది. గ్రీకు దేవతల్లో ఆవిడ ఆఫ్రొడైటా, డిమీటరా, పర్సెఫనీయా అన్నది ఇప్పటికీ తేలలేదు. ప్రాజెక్టు పూర్తికాకుండానే గడువు ముగిసిందన్నమాట. ఈ విషయంలో ఆవిడ మిగతా ఫెలోలకు ఏమీ తీసిపోలేదు.

నల్గొండ నుంచి ఎవరైనా దరఖాస్తు పెట్టేట్టయితే ఒక పాయింటు గట్టిగా వాడుకోవచ్చు. ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) ఇండియాకు పోతున్నాయని క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఏడ్చాడు. ఆ జిల్లాలోని అక్కనపల్లిలో రోమన్ నాణేల నిధే దొరికింది. అవి వీసా ఇంటర్వ్యూ లేకుండా వచ్చాయి. మనవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంటు చూపించి వెళ్లాలి.

ఇలా వెక్కిరించడం క్షేమం కాదని నాకూ తెలుసు. ఏథెన్స్ నుంచి వచ్చిన ఆంబ్రోసియా అనే ఒంటికన్ను ఆవిడ ఎపిడారస్ మహిమలు విని నవ్వింది. దేవుడు ఆమెకూ నయం చేస్తానన్నాడు, కానీ తెలివితక్కువతనానికి గుర్తుగా గుడికి వెండి పంది సమర్పించమన్నాడు. నేను సిద్ధమే. పందికి వెండి ధర, విమానంలో దాని లగేజీ ఖర్చు ప్రయాణ భత్యం కింద వస్తాయో, పరిశోధన సామగ్రి కింద వస్తాయో కమిటీవారు ముందే చెబితే బడ్జెట్ కాలమ్ నింపేస్తాను.