ఇంట్లోకి ఇంకో సూర్యుడు

మే నెల బెజవాడలో మధ్యతరగతి గృహస్థుకి సవాలక్ష పనులుంటాయి. కూలర్‌లో గడ్డి మార్పించాలి, ఆవకాయకి కారం ఆడించాలి, పిల్లాడి ఇంటర్ ఫీజు కట్టాలి. వీటన్నిటికంటే ముందు తేల్చాల్సిన సమస్య ఒకటుందని రెండు వారాలుగా మొత్తుకుంటున్నా మా ఇంట్లో ఎవరికీ పట్టడం లేదు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే పాత వర్క్‌స్టేషన్ కంప్యూటర్ కొనాలా, వద్దా?

బావమరిది వ్యాన్‌కి సైలెన్సర్ వెతుకుతూ ఆటోనగర్ వెళ్తే, ఓ పాత సామాన్ల కొట్లో చచ్చిన బ్యాటరీల గుట్ట పక్కన కనబడింది, సన్ అనే కంపెనీ చేసిన అల్ట్రా 5. 1998 నాటి మోడల్. దాని నెత్తిన టీ గ్లాసు, గ్లాసు కింద గుండ్రటి మరక. "కేజీల లెక్కన ఇచ్చేస్తా సార్" అన్నాడు కొట్టు ఆయన. నేను చేసిన తప్పల్లా చొక్కా అంచుతో ఆ మరక తుడవడం. అంతే, "ఇది సర్వర్ సార్, ఫారిన్‌ది" అని రేటు నాలుగింతలు చేశాడు.

మనం సంబంధం చూసేటప్పుడు వంశం చూస్తామా లేదా? ఇదీ అంతే. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ వంశం నుంచి నేరుగా దిగింది ఇందులో నడిచే సొలారిస్ అనే సిస్టమ్. 1991లో వచ్చిన లినక్స్ అనే ఇంకో సిస్టమ్‌కి పోలికలన్నీ ఉన్నాయి గానీ రక్తసంబంధం లేదు. "మావయ్యా, నీ ఆఫీసు మ్యాక్ కూడా యూనిక్సే, 2007లోనే సర్టిఫికెట్ ఇచ్చారు" అన్నాడు మేనల్లుడు. సర్టిఫికెట్ చూసి మురిసిపోవడం కార్పొరేట్ కాలేజీలో చదివినవాడికి చెల్లింది, నాకు ఫ్యాన్ మోత కావాలి. పైగా ఈ పెట్టెలో ఎంత కుక్కినా పట్టే మెమరీ 512 ఎంబీ. నా జేబులో ఫోనుకి దీనికి పదహారింతలుంది, దాంతో నేను చేసేదేమో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఫార్వర్డ్ చేయడం. ఇంద్రియ నిగ్రహం అంటే ఏమిటో ఈ 512 చూసి నేర్చుకోవాలి. (కరెంటు బిల్లు గురించి ఇక్కడ చర్చించదల్చుకోలేదు.)

మా ఆవిడ రెండు అభ్యంతరాలు లేవనెత్తింది. మొదటిది, "ఏవండీ, పైనున్న సూర్యుడు చాలకనా, ఇంట్లోకి ఇంకో సన్ను?" దీనికి నా దగ్గర జవాబు లేదు. రెండోది, "దాంతో ఏం చేస్తారు?" ఇది మాత్రం అన్యాయమైన ప్రశ్న. లాకర్లో పెట్టిన నెక్లెస్‌తో ఏం చేస్తున్నావని నేనెప్పుడైనా అడిగానా అన్నాను. అన్నాక ఆ రాత్రి పెరుగన్నం నేనే కలుపుకుని తిన్నాను.

అసలు గొడవ వేరే ఉంది. ఈ మెషిన్లలో గడియారం నడిపే చిప్ ఒకటుంటుంది, దాని బ్యాటరీని చిప్ లోపలే పెట్టి సీల్ చేసేశారు మహానుభావులు. ఏళ్ళు గడిచి అది చచ్చిపోతే మెషిన్‌కి తేదీ తెలియదు, సరే, నెట్‌వర్క్‌లో తన అడ్రస్ ఏమిటో, అంటే తానెవరో కూడా గుర్తుండదు. ఆకురాయితో చిప్ పైభాగం అరగదీసి, తీగలు బయటికి లాగి, వాచీ సెల్ లాంటిది అతికించాలి. ఆయుధపూజ నాటికి బొట్టు పెడదామనుకున్న మా అమ్మకి ఈ సంగతి చెప్పాను, దానికి ఏ దసరా ఎప్పుడో కూడా తెలియదమ్మా అని. ఆవిడ నొచ్చుకుంది. "పాపం, మీ తాతయ్యకీ చివర్లో ఇంతేరా. పేరు మర్చిపోయారు గానీ కాఫీ టైము మర్చిపోలేదు." మా ఇంట్లో ఆ పెట్టె పక్షాన ఒకరు మాట్లాడడం అదే మొదలు.

ఆ ధైర్యంతో నిన్న మళ్ళీ ఆటోనగర్ వెళ్ళాను. కొట్టు ఆయన ఎక్కడినుంచో మానిటర్ తెచ్చి తగిలించాడు, దుమ్ములోంచి సన్ కీబోర్డు లాగాడు. స్విచ్ వేస్తే ముందు ఫ్యాన్ దగ్గింది, తర్వాత తెల్లటి తెర మీద నల్లటి అక్షరాల్లో ఐడీ లేదని ఏడ్చింది. కీబోర్డు మీద 'స్టాప్' మీట, 'A' మీట కలిపి నొక్కాను. ఏడుపు ఆపేసి, ఒక్క మాట రాసి, నా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

"ఏమంటోంది సార్?" అన్నాడు ఆయన.

"ఓకే అంటోంది" అన్నాను. ఆ మాట విని రెండు వారాలైంది.

"ఒరేయ్, సార్‌కి ఆటో పిలు" అని లోపలికి కేకేశాడు.