ప్యాటీ స్మిత్ తొలి కవితలకు మత్తు అంటగట్టకండి

మళ్ళీ అదే మెసేజ్ వచ్చింది. ఈసారి పంపినాయన కవిత్వం బాగా చదివే మనిషి, కొత్తగా రాసే పిల్లలకు సలహాలిచ్చే మనిషి. అందుకే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ళ కోసం అందులో ఏముందో చెబుతాను. అమెరికన్ రాక్ గాయని, కవి ప్యాటీ స్మిత్ తొలి కవితల సంకలనం 'ఎర్లీ వర్క్' గురించి ఆరు పాయింట్లు. ఆమెకు చదువు లేదట. రాక్ స్టార్ అయ్యాక వచ్చిన పేరుతోనే కవితలు అచ్చయ్యాయట. అవి పాటలకు పనికిరాక మిగిలిపోయిన ముక్కలట. అన్నీ మత్తులో రాత్రికి రాత్రి రాసి పడేసినవట, మత్తు లేనిదే అసలైన కవిత్వం రాదనడానికి అవే రుజువట. అంతా ఫ్రెంచి కవి రాంబో కాపీ అట. చివరికి నోబెల్ వేదిక మీద పాటే మర్చిపోయిందట. కింద "కవిత్వం రాసే ప్రతి ఒక్కరికీ పంపండి" అని ఆజ్ఞ.

చదువు సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. న్యూజెర్సీలో టీచర్లను తయారుచేసే గ్లాస్‌బరో కాలేజీలో చేరింది, మధ్యలో మానేసింది. పట్టా చేతికొచ్చి ఉంటే కవితల్లో ఏం మారేదో మెసేజ్ రాసినవాళ్ళే చెప్పాలి.

నోబెల్ సంగతీ అంతే. 2016 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో ఆమె పాడింది ఆ ఏడు సాహిత్య నోబెల్ వచ్చిన బాబ్ డిలన్ పాట, తన పాట కాదు. మధ్యలో ఆగిపోయింది, టెన్షన్‌గా ఉంది క్షమించమని అడిగింది, మళ్ళీ అందుకుని చివరిదాకా పాడింది. అప్పటికి ఆమెకు డెబ్బై నిండబోతున్నాయి. ఇరవైల్లో రాసిన కవితలను తూచడానికి ఆ తడబాటు ఎందుకు తెచ్చారో నాకు అర్థం కాలేదు.

ఇక పేరొచ్చాక అచ్చయ్యాయన్న మాట. తేదీలు చూసి ఉంటే ఈ పాయింటు రాసేవాళ్ళే కాదు. ఆమె కవితల పుస్తకం 'సెవెంత్ హెవెన్' 1972లో వచ్చింది. 'కొడాక్' కూడా అదే ఏడు. 'విట్' 1973లో న్యూయార్క్‌లోని గోథమ్ బుక్ మార్ట్ అనే పుస్తకాల షాపు వేసింది. ఆమె మొదటి సింగిల్ రికార్డు 1974లో, మొదటి ఆల్బమ్ 'హార్సెస్' 1975 చివర్లో వచ్చాయి. అంటే ఆ చిన్న పుస్తకాలు వచ్చేనాటికి ఆమె రాక్ స్టార్ కాదు. ఫిఫ్త్ ఎవెన్యూలోని స్క్రిబ్నర్స్ షాపులో పుస్తకాలు అమ్మిన పిల్ల. ఇందులో ఒక్కటి మాత్రం నిజం: 1994లో నార్టన్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థ 1970 నుంచి 1979 దాకా రాసినవాటిని ఏరి 'ఎర్లీ వర్క్'గా తెచ్చిందంటే దాని వెనక రికార్డుల పేరు ఉంది. రికార్డులే లేకపోతే ఆ సంకలనం మన దాకా వచ్చేది కాదు. కానీ కవితల్ని రాయించింది ఆ పేరు కాదు కదా.

పాటలకు పనికిరాని ముక్కలట! జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. 1971 ఫిబ్రవరి 10న న్యూయార్క్‌లోని సెయింట్ మార్క్స్ చర్చిలో ఆమె మొదటిసారి కవితలు చదివింది. పక్కన ఎలక్ట్రిక్ గిటార్‌తో లెన్నీ కే కూర్చున్నాడు. అప్పట్లో అతను ఒక రికార్డుల షాపులో పనిచేసేవాడు. ఒక కవిత చివర్లో కారు గుద్దుకున్న చప్పుడు గిటార్ మీద తెప్పించగలవా అని ఆమె అడిగింది, అతను తెప్పించాడు. బ్యాండు మొదలైంది అక్కణ్ణుంచి. 'హార్సెస్'లో మొదటి పాట మొదటి వాక్యం, యేసు ఎవరి పాపాల కోసమో చచ్చిపోయాడు గానీ నా పాపాల కోసం కాదు అనేది, ఆమె అంతకు ముందే 'ఓత్' అనే కవితలో రాసుకున్నది. అదే ఆల్బమ్‌లోని 'రెడొండో బీచ్' కూడా ముందు కవితే. కవితల్లోంచి పాటలు వచ్చాయి. ఆ కవితలన్నీ 'హార్సెస్'కు ముందునాటివి. పుస్తకం తెరవకుండా పుస్తకం గురించి పాయింట్లు రాయడం ఏం పద్ధతి?

ఇవన్నీ తెలియక రాశారని సరిపెట్టుకుంటాను. మత్తు పాయింటును మాత్రం సరిపెట్టుకోలేను.

మా కవిత్వం గ్రూపులో ఇంటర్ పిల్లలున్నారు. మొదటి కవిత రాసి, బాగుందో లేదో చెప్పమని మొహమాటపడుతూ అడిగే పిల్లలు. వాళ్ళ కళ్ళ ముందు "మత్తు లేనిదే అసలైన కవిత్వం రాదు" అని పెట్టి, సాక్ష్యంగా ప్యాటీ స్మిత్‌ను నిలబెడతారా? ఆమె సాక్ష్యం ఏమిటో ఆమె మాటల్లోనే ఉంది. తన జ్ఞాపకాల పుస్తకం 'జస్ట్ కిడ్స్'లో రాసుకుంది: 1970ల మొదట్లో ఒక నాటకంలో మత్తుమందుకు బానిసైన అమ్మాయి వేషం వేసింది. చేతికి సిరంజి ఇచ్చి, నీళ్ళతోనే పొడుచుకుని కాస్త రక్తం పైకి లాగమన్నారు. ఆమెకు కళ్ళు తిరిగినంత పనైంది. నావల్ల కాదంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోయారు, ఎందుకంటే ఆ బక్క శరీరం, ఆ చింపిరి జుట్టు చూసి ఆమె ఎప్పుడూ సూదులు పొడుచుకునే మనిషే అనుకున్నారు. ఈ మెసేజ్ రాసినవాళ్ళు అనుకున్నదీ అదే. అప్పటివాళ్ళు కనీసం ఆమె నోటి నుంచి నిజం విన్నారు.

గంజాయి అసలు ముట్టలేదని నేను అనడం లేదు. తర్వాతి కాలంలో తాగానని ఆమే చెప్పుకుంది. దాచిందేమీ లేదు. కానీ దాన్ని పట్టుకుని కవిత్వమంతా అందులోంచే పుట్టిందంటే ఎలా? ఆమె చుట్టూ ఉన్నవాళ్ళలో మత్తు ఎవరికేం ఇచ్చిందో చూడండి. ఆమె న్యూయార్క్‌లోని చెల్సీ హోటల్లో ఉన్న రోజుల్లోనే రాక్ గాయని జానిస్ జాప్లిన్ పరిచయం. 1970 అక్టోబరులో హెరాయిన్‌తో పోయింది, ఇరవై ఏడేళ్ళు. అంతకు కొద్ది రోజుల ముందే నిద్రమాత్రలతో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పోయాడు, ఇరవై ఏడేళ్ళు. మరుసటేడు నటి, మోడల్ ఎడీ సెడ్జ్‌విక్, ఇరవై ఎనిమిదేళ్ళు. ఎడీ మీద రాసిన కవిత 'సెవెంత్ హెవెన్'లో ఉంది. మత్తును పొగిడే కవిత కాదది, పోయిన పిల్ల కోసం ఏడ్చిన కవిత. రుజువు కావాలంటే అది చదవండి.

రాత్రికి రాత్రి రాసి పడేసినవన్నారు కదా. 1977 జనవరిలో టాంపాలో పాడుతూ స్టేజి మీంచి కింద కాంక్రీటు మీద పడి ఆమె మెడ ఎముకలు విరిగాయి. మెడకు పట్టీతో కోలుకుంటూ, పాటలు ఆగిపోయిన ఆ నెలల్లో 'బేబెల్' పుస్తకం మీద పనిచేసింది. 1978లో వచ్చింది. అంతకు ముందు 'ఓత్' లోని ఆ వాక్యాన్ని ఐదేళ్ళ పాటు చదువుతూ, పాడుతూ, మారుస్తూ వచ్చింది. రాత్రికి రాత్రి అంటే ఇదేనా?

కాపీ అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. కుర్రతనంలో ఫిలడెల్ఫియా బస్టాండు ఎదురుగా ఉన్న పుస్తకాల బండి మీద రాంబో పుస్తకాన్ని కొట్టేసిన మనిషి ఆమె. ఫ్యాక్టరీలో పనిచేస్తున్నప్పుడు ఆ పరాయి భాష పుస్తకం వెంట తిప్పుకుంటుంటే నువ్వు కమ్యూనిస్టువా అని అక్కడి ఆడవాళ్ళు మీదపడ్డారు. ఆ ఫ్యాక్టరీ మీద రాసిన 'పిస్ ఫ్యాక్టరీ' చదవండి. ఆ వేడి, ఆ కంపు, పక్కనున్న ఆడవాళ్ళు పని నెమ్మదిగా చేయమని బెదిరించడం, అందులో ఏదీ రాంబోది కాదు. వచన కవితల్లో మాత్రం, ముఖ్యంగా 'బేబెల్'లోవి కొన్ని, అతని నీడలోనే ఉండిపోయాయి. నాకే కొన్ని పేజీలు విసుగు పుట్టించాయి.

మెసేజ్ చివర ఇంకో వాక్యం ఉంది, ఎవరూ పట్టించుకోనిది: ఆమెను నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఆమె వాడిన జాతి దూషణ మాట ఎత్తరు అని. ఇది వందశాతం నిజం. 1978లో వచ్చిన 'ఈస్టర్' ఆల్బమ్‌లో నల్లవాళ్ళను అవమానించే మాటను వెలివేతకు గురైన కళాకారులందరికీ బిరుదులా తగిలించింది, చిత్రకారుడు జాక్సన్ పొలాక్‌తో సహా. తిరుగుబాటు అనుకుంది. ఆ మాట పడినవాళ్ళ నొప్పి ఆమెది కాదు, అరువు తెచ్చుకునే హక్కూ లేదు. మన దగ్గర ఒక అగ్రకులపు కవి కులం పేరుతో తిట్టే మాటను తన తిరుగుబాటుకు కిరీటంగా పెట్టుకుంటే ఒప్పుకుంటామా? నేను ఒప్పుకోను. ఇక్కడా ఒప్పుకోను.

ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతాది తీసేయండి. పిల్లల గ్రూపులో పెట్టినవాళ్ళు ముందు మత్తు పాయింటు తీయండి, అది తప్పని అక్కడే, ఆ పిల్లలకే చెప్పండి. 'ఎర్లీ వర్క్' చదవాలనుకునేవాళ్ళకు నా ప్రతి ఇస్తాను.